శుద్ధి చేయని పిప్పళ్ళు

మార్కండేయులుగారికి ఇద్దరల్లుళ్ళు. పెద్దవాణ్ణి "నువ్వు" అనేవారు, చిన్నవాణ్ణి "మీరు" అనేవారు. ఈ ఒక్క ముక్క చెబితే ఆ ఇంటి సంగతి సగం తెలిసిపోతుంది.

పెద్దల్లుడు అంకమ్మరావు ఇల్లరికం వచ్చినవాడు. థర్డుఫారం చదువుతుండగా బడి మానిపించి, నాగమల్లేశ్వరినిచ్చి పెళ్ళి చేసి, బెజవాడ కొత్తపేటలో ఉన్న మూలికల కొట్లో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారంటే గల్లాపెట్టె వెనక దిండు మీద కాదు. దిండు మావగారిది. అది బల్ల మీద ఉండేది. బల్ల పక్కన నేల మీద ఓ పీట ఉండేది, అది అల్లుడిది. మావగారికి మగపిల్లలు లేరు. ఎప్పటికో ఒకప్పటికి ఆయన లేచి తనను పైకి రమ్మంటారని ఆ పీట మీద కూర్చునే ఎదురుచూశాడు. ఆ ఎదురుచూపులోనే చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

ఆ కొట్టుకి పేరు తెచ్చినవి పిప్పళ్ళు. మన్యం కొండల్లో తీగలకి కాసే అడవి పిప్పళ్ళు గోతాల్లో రాజమండ్రి చేరి, అక్కణ్ణించి ఏలూరు కాలువ మీద పడవల్లో బెజవాడ వచ్చేవి. మిరియపు జాతే గాని గింజలా ఉండదు, చిన్న కంకిలా ఉంటుంది. నమిలితే ముందు తియ్యగా, తరవాత నాలుక మొద్దుబారేట్టు ఘాటుగా తగులుతుంది. దివిసీమ నుంచి నూజివీడు దాకా దగ్గుకీ ఉబ్బసానికీ మందు నూరే వైద్యులు మార్కండేయులుగారి పిప్పళ్ళు తప్ప వేరేవి ముట్టేవారు కారు. కారణం శుద్ధి. అడవి సరుకు అడవి సరుకులా అమ్మకూడదని ఆయన తండ్రిగారి నాటి కట్టుబాటు. చిత్రమూలం వేళ్ళు దంచి కషాయం కాచి, పిప్పళ్ళను అందులో నానబెట్టి, మళ్ళీ ఎండబెట్టి, అప్పుడు గాని గడప దాటనిచ్చేవారు కారు.

ఆ పని అంకమ్మరావుది. చిత్రమూలం పొగరుబోతు వేరు. రసం తగిలితే చర్మం పొక్కుతుంది. అతని వేళ్ళ మీద మచ్చలు ఎప్పుడూ మానేవి కావు. దంచడానికీ తోడడానికీ రత్తయ్య అనే ముసలి పనివాడు సాయం ఉండేవాడు. కొట్టు వెనక దొడ్లో జరిగే ఈ వ్యవహారం ఎవరికీ దాచిందీ లేదు, చెప్పిందీ లేదు. విస్తట్లో అన్నం వడ్డిస్తూ బియ్యం కడిగే వండామని అతిథికి ఎవరు చెబుతారు?

చిన్నల్లుడు సాంబమూర్తి కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. కళ్ళజోడు, చొక్కా జేబులో ఫౌంటెన్ పెన్ను, ఒక రాలీ సైకిలు. బాలత్రిపురసుందరిని అతనికిచ్చిన నాటి నుంచి అత్తగారు సంపూర్ణమ్మ మాట తీరే మారింది. పెద్దల్లుడికి పప్పులో నెయ్యి వేసేవాళ్ళు. చిన్నల్లుడికి నెయ్యిలో పప్పు వేసేవాళ్ళు. అంకమ్మరావు అది చూసీ చూడనట్టు తినేవాడు గాని, ఆ గరిటె ఎన్నిసార్లు వంగిందో అతనికి కంఠతా వచ్చు.

జపాను వాళ్ళు జావా పట్టుకున్నాక క్వినైను దొరకడం మానేసింది. కిరసనాయిలు రేషనైంది. అంతకుముందు మురుగు గుంటల్లో కాస్త కిరసనాయిలు చల్లి దోమపిల్లల్ని చంపేవారు. ఇప్పుడు దీపానికే లేదు. కాలువల పొడుగునా చలిజ్వరాలు. సంపూర్ణమ్మకీ వచ్చి తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఆ రోజుల్లో సాంబమూర్తి కాలేజీకి పెద్ద సెలవు పెట్టి, గవర్నర్‌పేటలో ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాడు.

మావగారికి అతను చెప్పింది అంకమ్మరావు పక్కన కూర్చునే విన్నాడు. మిరియంలో ఘాటంతా ఒక పదార్థమని, సారాయిలాంటి స్పిరిటులో నానబెట్టి దాన్ని విడదీస్తే పసుప్పచ్చగా పలుకులు కడుతుందని, దాన్ని పైపరీన్ అంటారని, అది ఈగల పాలిటి విషమని ఈ మధ్యనే పైదేశాల్లో కనిపెడుతున్నారని చెప్పాడు. మన అడవి పిప్పలిలో అదీ ఉంది, దానికి తోడు మరేదో కూడా ఉందని అతని నమ్మకం. సబ్బునీళ్ళలో కలిపి గుంటల్లో చల్లితే దోమపిల్లలు చచ్చితీరాలి. అప్పుడు కిరసనాయిలుతో పని లేదు.

మార్కండేయులుగారు చాలాసేపు మీసం తడుముకున్నారు. ఆ పూట భోజనాల దగ్గర, అందరూ వింటుండగా అన్నారు. "ఈ వేసవి దాటేలోపల మీ మందు తేలితే, అల్లుడుగారూ, ఈ కొట్టు మీ చేతుల్లో పెడతాను. మూలికలు అమ్ముకునే రోజులు పోయాయి. ఫ్యాక్టరీ పెట్టండి."

అంకమ్మరావు గొంతులో ముద్ద అడ్డం పడింది. ఎవరూ నీళ్ళందించలేదు. అందరూ సాంబమూర్తి మొహంలోకి చూస్తున్నారు.

ఆ రాత్రి నాగమల్లేశ్వరి సర్దిచెప్పబోయింది. మరిదిగారు మంచివాడనీ, మనల్ని బయటికి పొమ్మనడనీ అంది. అతనికి ఆ మాటే ముల్లయి దిగింది. పొమ్మనడు, నిజమే. పీట మీదే ఉండమంటాడు. తన కంటే పన్నెండేళ్ళు చిన్నవాడు దిండు మీద కూర్చుని "అన్నయ్యగారూ, ఆ సంచీ ఇలా అందుకోండి" అంటాడు. మర్యాదగానే అంటాడు. ఆ మర్యాదే భరించరానిది.

అయితే దేవుడు కొన్నాళ్ళు అంకమ్మరావు పక్షాన ఉన్నాడు. మందు తేలలేదు.

కొట్లోంచి శుద్ధి చేసిన పిప్పళ్ళు బండి మీద షెడ్డుకి వెళ్ళేవి. సాంబమూర్తి వాటిని దంచి, స్పిరిటులో నానబెట్టి, వడగట్టి, చిక్కగా మరిగించి, అందులో క్షారం పోసేవాడు. పోయగానే అది ఊదారంగు కలిసిన ఎరుపుకి తిరిగేది. పుస్తకంలో ఆ ఎరుపు లేదు. పలుకులు కట్టవలసిన చోట జిగురు మిగిలేది. ఆ జిగురు నీళ్ళ మీద తెట్టులా తేలేది, కింద దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతూ సుఖంగా ఉండేవి. సరుకు దించే వంకతో అంకమ్మరావు వెళ్ళి ఆ గాజుతొట్టిలోకి వంగి చూసేవాడు. అవి ఒక్కొక్కటీ మెలికలు తిరుగుతూ పైకి వస్తుంటే వాటి మీద వాత్సల్యం పుట్టుకొచ్చేది.

సాంబమూర్తి ఆ ఎరుపే అడవి పిప్పలిలోని కొత్త పదార్థం అనుకున్నాడు. దాని వెంట పడ్డాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. దాంతో ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. చిక్కిపోయిన అల్లుణ్ణి చూసి సంపూర్ణమ్మకి కడుపు తరుక్కుపోయింది. క్యారియరులో గుమ్మడి వడియాలూ పులుసూ పెట్టి షెడ్డుకి పంపడం మొదలెట్టింది. మోసుకెళ్ళేది అంకమ్మరావే. గెలిస్తే కొట్టు ఇస్తారు, ఓడితే వడియాలు వేయించి పెడతారు, వీడు ఏం చేసుకుని పుట్టాడో అనుకుంటూ క్యారియరు చేతులు మార్చుకునేవాడు. తను ఇన్నేళ్ళు వేళ్ళు కాల్చుకున్నాడు. ఏ ఒక్కనాడైనా "చెయ్యి ఏదీ, చూపించు" అని ఆ ఇంట్లో అన్నవాళ్ళు లేరు.

మాఘం వెళ్ళాక సాంబమూర్తి ఆఖరు ప్రయత్నం చేస్తానన్నాడు. గవర్నర్‌పేటలోనే ప్రాక్టీసు ఉన్న డాక్టరు సంజీవరావుగారు వచ్చి కళ్ళారా చూస్తానన్నారు. ఆయన క్రైస్తవుడు, పెద్దమనిషి, జ్వరాల కేసులతో విసిగిపోయి ఉన్నారు. మందు పనిచేస్తే తన పేరు మీద నలుగురికీ చెబుతానన్నారు. ఆయన ఒక్కమాట అంటే మార్కండేయులుగారికి అదే శాసనం.

అప్పుడు అంకమ్మరావు అరచేతులు బాగా పొక్కి ఉన్నాయి. అందుచేత ఆ విడత శుద్ధి అంతా రత్తయ్య ఒక్కడే చేశాడు. ఎండిన పిప్పళ్ళు బస్తాకెత్తి దొడ్డి గోడకి ఆనించాడు. దాని పక్కనే ముందురోజు పడవ దిగిన పచ్చి బస్తా ఉంది. దుమ్ము, తొడిమలు, ఎండుటాకులు, అడవి వాసన. చిత్రమూలం వేళ్ళు అయిపోయాయి. వాటికోసం అంకమ్మరావు కంకిపాడు వెళ్ళాలి. అక్కడ చేల గట్ల మీద ఆ మొక్కలు పుష్కలం. పోతూ పోతూ దారిలో షెడ్డుకి బస్తా దింపిపొమ్మని మావగారి ఆజ్ఞ.

తెల్లవారాక జట్కా వచ్చి నిలబడింది. రెండు బస్తాలూ పక్కపక్కన ఉన్నాయి. అంకమ్మరావు చాలాసేపు చూశాడు.

అతని లెక్క ఇది. మంచి సరుకుతోనే వాడికి ఇన్నాళ్ళూ కుదరలేదు. కాని ఈసారి పంతం మీద ఉన్నాడు, డాక్టరు వస్తున్నాడు, కర్మం కాలి కుదిరితే? శుద్ధి లేని పిప్పలి ఎందుకూ కొరగాదని చిన్నప్పటి నుంచీ విన్నాడు. పచ్చి సరుకు మందుకి పనికిరాదు. అయినవాళ్ళకి ఆ పచ్చి సరుకు పెట్టడం, ఇంటికొచ్చిన అల్లుడికి ఉడకని బియ్యం వడ్డించడంతో సమానం. అందుకే అది అతనికి నచ్చింది. పచ్చి బస్తా జట్కా ఎక్కించాడు. శుద్ధి అయిన రెండో బస్తాను బందరు వైద్యుడికి వెళ్ళే పడవలో వేయించాడు. ఆ వైద్యుడు చాలా రోజులుగా అడుగుతూనే ఉన్నాడు. షెడ్డు దగ్గర బస్తా దింపి, "జాగ్రత్తగా చేసుకో తమ్ముడూ" అని కూడా అని, బొగ్గుతో నడిచే బస్సెక్కి కంకిపాడు వెళ్ళిపోయాడు.

అక్కడ గట్లంట తిరుగుతూ, తెల్లపూల చిత్రమూలాన్ని వేళ్ళతో సహా తవ్విస్తూ, అతను హాయిగా ఉన్నాడు. తాటికల్లు కూడా తాగాడంటారు.

వేళ్ళమూటతో బెజవాడ తిరిగొచ్చేసరికి ఇంటి ముందు కళ్ళాపి చల్లి పండగలా ఉంది. నాగమల్లేశ్వరి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆవిడ మొహంలో సంతోషం ఉంది, మొగుణ్ణి చూడగానే దాన్ని కొంచెం దాచుకుంది.

మందు తేలింది. ఎరుపు రాలేదు. క్షారం పోసినా రంగు తిరగలేదు. చల్లారాక గిన్నె అడుగున లేత ఎండుగడ్డి రంగు సూదుల్లాంటి పలుకులు కట్టాయి. వాటిని స్పిరిటులో కరిగించి, సబ్బునీళ్ళలో కలిపి, తొట్టిలో చుక్కలు వేస్తే దోమపిల్లలు కాసేపు గింజుకుని, ఒకదాని వెంట ఒకటి అడుక్కి దిగిపోయాయి. సంజీవరావుగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారట. పక్కన ఉత్త సబ్బునీళ్ళ తొట్టిలో అన్నీ బతికే ఉన్నాయట. మార్కండేయులుగారు చిన్నల్లుణ్ణి కావలించుకున్నారట.

"మిమ్మల్నీ తలుచుకున్నారు," అంది నాగమల్లేశ్వరి.

"ఎవరు?"

"మరిదిగారే. అన్నయ్యగారు మంచి సరుకు పంపబట్టే కుదిరిందన్నారు."

అంకమ్మరావు కాళ్ళు కడుక్కోకుండా అలాగే అరుగు మీద కూలబడ్డాడు. వాడికి చెడు చేయబోయినా వాడి జమలోనే పడింది. వేళ్ళమూట విప్పితే ఒక్క మట్టిగడ్డ తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. ఆ మట్టిగడ్డ తీసి గోడకేసి కొట్టాడు.

తరవాత నెమ్మదిగా ఆలోచిస్తే ఒక ఊరట దొరికింది. ఎందుకు కుదిరిందో సాంబమూర్తికి తెలియదు. తనకీ తెలియదనుకోండి. కాని పచ్చిది పనిచేసిందని తనకి తెలుసు, శుద్ధిది పనిచేయలేదనీ తెలుసు. ఆ తేడా ఎక్కడుందో ప్రపంచంలో ఎరిగినవాడు తనొక్కడే. ఇక నుంచి వాడికి శుద్ధి చేసిన సరుకే వెళుతుంది. శ్రేష్ఠమైనది, తన చేత్తో నిండా నానబెట్టినది. ఎవడూ వేలెత్తి చూపలేడు.

అలాగే చేశాడు. ఎన్నడూ లేనంత శ్రద్ధగా చేశాడు. కొత్త వేళ్ళ కషాయం ఘాటుకి దొడ్లోకి కాకి రాలేదు. ఆ సరుకు షెడ్డుకి వెళ్ళింది, క్షారం పడింది, ఎప్పటికంటే ముదురుగా ఎరుపెక్కింది. మళ్ళీ పంపాడు, మళ్ళీ ఎరుపే. గాజుతొట్టిలో దోమపిల్లలు మళ్ళీ అంకమ్మరావు కేసి మెలికలు తిరుగుతూ వచ్చాయి. సాంబమూర్తి స్పిరిటు మార్చాడు, గిన్నెలు మార్చాడు, నీళ్ళు మార్చాడు. సరుకు ఒక్కటీ మార్చాలని తోచలేదు, ఎందుకంటే సరుకు అదే కొట్టుది, అదే గోతం, ఆ ఒక్క బస్తాలో దుమ్ము ఎక్కువున్నా అదే పిప్పలి. ఒకనాడు వచ్చి, ఆ కుదిరిన బస్తాలో ఏమైనా విశేషం ఉందా అన్నయ్యగారూ అని అడిగాడు. ఏ కొండది, ఏ పడవలో వచ్చింది అని. అన్నీ ఒక కొండవే అన్నాడు అంకమ్మరావు. అబద్ధం కాదు గనక గొంతు తొట్రుపడలేదు.

ఇలా ఇంకొన్నాళ్ళు సాగితే వేసవి దాటిపోయేది, సాంబమూర్తి కాలేజీకి పోయేవాడు, దిండు దిండులాగే ఉండేది. అడ్డం వచ్చింది మార్కండేయులుగారి బుర్ర. ఆయనా ఆలోచించారు. ఆయన ఆలోచనలకి రసాయనం తెలియదు, హస్తవాసి తెలుసు. ఒకే మందు ఒక వైద్యుడిస్తే తగ్గుతుంది, ఇంకొకడిస్తే తగ్గదు. తేడా మందులో కాదు, ఇచ్చే చేతిలో. అరవయ్యేళ్ళు మూలికల మధ్య బతికిన మనిషికి ఇంతకంటే గట్టి శాస్త్రం లేదు. కుదిరిన బస్తా ఎవరి చేతి మీదుగా వచ్చింది? రత్తయ్య. కుదరనివన్నీ ఎవరివి? అంకమ్మరావువి.

ఒక ఉదయం డాక్టరుగారు, సాంబమూర్తి కొట్లో బెంచీ మీద కూర్చుని తల పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. బందరు నుంచి వచ్చిన ఇద్దరు వైద్యులూ ఉన్నారు. మార్కండేయులుగారు దొడ్లోకి కేకేసి రత్తయ్యని పిలిచారు. ముసలివాడు పంచె పిండుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"రత్తయ్యా, ఇవాళ్టి నుంచి శుద్ధి నువ్వు చెయ్యి. నీ చేతిలో వాసి ఉంది." తరవాత అల్లుడివైపు తిరగకుండానే, "అంకమ్మరావ్, నువ్వు లేచి ఆ పీట వాడికియ్యి. తక్కెడ దగ్గర నిలబడి తూచు. నీ చెయ్యి చల్లబడింది."

బందరు వైద్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు వాళ్ళ ఊరు వెళుతుంది. అక్కణ్ణించి దివిసీమ అంతా తిరుగుతుంది. మార్కండేయులుగారి అల్లుడి చెయ్యి చల్లబడిందట.

ఇక్కడ తెలివైనవాడైతే నోరు మూసుకుని రెండ్రోజులు ఆగేవాడు. రత్తయ్య శుద్ధి చేసినదీ ఎరుపెక్కేది, వాడి హస్తవాసీ తేలిపోయేది, వాడూ సాంబమూర్తీ ఇద్దరూ మునిగేవారు, ఇతను ఒడ్డున నిలబడి చూసేవాడు. అంకమ్మరావు తెలివి తక్కువవాడేం కాదు. కాని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నది కనీసం చదువుకున్న తోడల్లుణ్ణి చూసి. ఇప్పుడు రోకలి పట్టే రత్తయ్యని చూసి కుళ్ళుకోవలసి వచ్చింది. ఓర్చుకునే శక్తి అంతా మొదటివాడి మీదే ఖర్చైపోయింది.

లేచాడు. పీట ఖాళీ చేశాడు. రత్తయ్య ముందు మొహమాటపడ్డాడు, తరవాత కూర్చున్నాడు. కూర్చున్నాక సర్దుకుని, మోకాలు చరుచుకుని, ఓదార్చే గొంతుతో అన్నాడు.

"ఏమనుకోమాకండి బాబూ. చెయ్యి అనేది అందరికీ రాదు."

"నీ చెయ్యా?" అన్నాడు అంకమ్మరావు. "నువ్వు చేసిన బస్తా బందరు పోయిందిరా. ఇదుగో, ఈ వైద్యులుగారే దింపుకున్నారు. అల్లుడుగారి షెడ్డుకి వెళ్ళిందాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నువ్వూ ముట్టుకోలేదు, నేనూ ముట్టుకోలేదు. పడవ దిగింది దిగినట్టే పంపించా. దుమ్ముతో సహా."

కొట్లో తక్కెడ పళ్ళెం ఒక్కటే ఊగుతోంది.

"శుద్ధి లేకుండా?" అన్నారు మార్కండేయులుగారు. కోపం కాదు, నమ్మలేకపోవడం. "మన గడప దాటించావా? ఇంటల్లుడికి?"

"దాటించాను."

సాంబమూర్తి బెంచీ మీంచి లేచాడు. అంకమ్మరావు తిట్టు కోసం కాచుకుని ఉన్నాడు. తిడితే బాగుండును, ఇద్దరూ ఒక మెట్టు మీద నిలబడేవారు. సాంబమూర్తి తిట్టలేదు. శుద్ధి అంటే ఏమిటండీ అని అడిగాడు. తనకు చెప్పినవాళ్ళు లేరన్నాడు. మార్కండేయులుగారు చిత్రమూలం కషాయం సంగతి చెబుతుంటే అతని పెదవులు ఆ పేరును మెల్లగా పలికి చూసుకున్నాయి. "ఆ వేరు ఒకటి ఇప్పించండి" అన్నాడు.

అంకమ్మరావే తెచ్చిచ్చాడు, కంకిపాడు వేరు. అందరూ నడిచి షెడ్డుకి వెళ్ళారు, బందరు వైద్యులతో సహా. సాంబమూర్తి వేరు ముక్క చేసి, దంచి, గాజుగొట్టంలో కాస్త స్పిరిటు పోశాడు. పసుప్పచ్చటి నీరు దిగింది. పిప్పలి అన్నది దగ్గర్లో లేదు. అందులో క్షారం రెండు చుక్కలు వేశాడు.

ఎర్రబడింది. అదే ఎరుపు.

అతను గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ నేను వెంటపడింది దీన్నా. పిప్పలిది కాదు ఇది. పిప్పలికి మనం పట్టించింది. ఇదే పలుకు కట్టనివ్వకుండా జిగురు చేస్తోంది." సంజీవరావుగారు భుజాలు కదిలేట్టు నవ్వసాగారు. నవ్వుతూనే, రోగికి మంచిదే గాని దోమకి శుద్ధి అక్కర్లేదన్నమాట అన్నారు.

సాంబమూర్తి గొట్టం పక్కన పెట్టి, అంకమ్మరావు దగ్గరికి వచ్చి, అతని పొక్కిన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతుల్ని ఆ ఇంట్లో పట్టుకుని చూసిన మొదటివాడు అతనే.

"మీరా బస్తా అలా పంపకపోతే నేను జన్మలో కనుక్కునేవాణ్ణి కానన్నయ్యగారూ. ఎందుకు పంపారో నేనడగను."

అడగను అన్నాడంటే తెలిసిందనే అర్థం. తెలిసి కూడా పట్టుకున్న చేతులు వదలలేదు. అంకమ్మరావుకి ఆ క్షణంలో తోడల్లుడి చదువు మీద, కళ్ళజోడు మీద, అత్తగారి నెయ్యి మీద ఉన్న అసూయంతా చిన్నదైపోయింది. ఈ మంచితనం మీద పుట్టిన అసూయ వాటన్నిటినీ మింగేసింది. చేతులు వెనక్కి లాక్కుని, మండుతున్నాయి అన్నాడు.

ఆ తరవాత కథ గబగబా నడిచింది. పచ్చి పిప్పళ్ళు రాజమండ్రి నుంచి సరాసరి షెడ్డుకే దిగసాగాయి. ఎన్నిసార్లు చేసినా గడ్డిరంగు పలుకులే కట్టాయి. సంజీవరావుగారి మాట మీద కాలువగట్టు పేటల్లో గుంటలకి చల్లించారు. షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది.

కొట్టు సంగతి ఎత్తింది సాంబమూర్తే. తనకి కొట్టుతో పనిలేదన్నాడు. వైద్యులకి శుద్ధి సరుకు కావాలి, తనకి పచ్చి సరుకు కావాలి, రెండూ ఒక చూరు కింద ఉంటే మళ్ళీ ఎక్కడో కలుస్తాయి, ఆ కొట్టు అన్నయ్యగారి చేతికిచ్చేయండి అన్నాడు. మార్కండేయులుగారు సరేనన్నారు. అంత తేలిగ్గా అన్నారు. అంకమ్మరావు సగం జీవితం పడిగాపులు పడ్డ మాట, ఆకూ వక్కా నములుతూ, పక్కకి తిరిగి, "నువ్వే కూర్చోవోయ్" అనేసి, కండువా దులుపుకుని గవర్నర్‌పేట వెళ్ళిపోయారు. రోజూ పొద్దున్నే అక్కడికే వెళతారు. పలుకులు కట్టడం చూస్తూ కూర్చుంటారు. ఆయన కోసం అక్కడ ఒక కుర్చీ వేశారు. భోజనం క్యారియరు కూడా అక్కడికే వెళుతోంది.

అంకమ్మరావు దిండు మీద కూర్చున్నాడు. దాని మధ్యలో మావగారి ఆకారంలో గుంట పడి ఉంది. అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు, ఎక్కడ కూర్చున్నా అందులోకే జారుతున్నాడు. కింద పీట మీద రత్తయ్య ఉన్నాడు. రత్తయ్యకి ఇప్పుడు హస్తవాసి ఉందని ఎవరూ అనరు గాని, వాడు మాత్రం ఆ సంగతి మరిచిపోలేదు. పైనుంచి చూస్తే వాడి మొహంలో ఒక ఎదురుచూపు కనిపిస్తుంది. అది తనకి బాగా ఎరికైన ఎదురుచూపే.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం బందరు వైద్యుల్లో చిన్నాయన వచ్చాడు. కూర్చుని మంచినీళ్ళు తాగి, అటూ ఇటూ చూసి, ఊళ్ళో అంతా గవర్నర్‌పేట మందు సంగతే చెప్పుకుంటున్నారనీ, తానూ ఓసారి చూద్దామనుకుంటున్నాననీ చెప్పి, గొంతు తగ్గించి అడిగాడు.

"శుద్ధి చెయ్యనివి ఏమైనా ఉన్నాయాండీ మీ దగ్గర?"

అంకమ్మరావు వీపు వెనక, గోడకి ఆనించి, శుద్ధి కోసం ఆ ఉదయమే పడవ దిగిన పచ్చి బస్తా ఉంది. దాని దుమ్ము అతని చొక్కాకి అంటుకునే ఉంది.

"అవి ఇక్కడ దొరకవండీ," అన్నాడు. "గవర్నర్‌పేటలో మా తమ్ముణ్ణడగండి."

వైద్యుడు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. అతను సందు మలుపు తిరిగేదాకా చూసి, అంకమ్మరావు కషాయం పొయ్యి మీద పెట్టమని రత్తయ్యని కేకేశాడు. చిత్రమూలం వేళ్ళు ఇంకాస్త ఎక్కువ వెయ్యమన్నాడు.